వంటవాడి ఆకలి

మండపేటలో ఆ పెళ్లికి వచ్చినవాళ్లలో సగానికి సగం డెబ్బై దాటినవాళ్లు. అందరూ నేలమీద బాసింపట్లు వేసుకుని, అరిటాకుల మీదికి వంగి, పప్పులో నెయ్యి కలుపుకుంటున్నారు. భోజనం కాగానే చెయ్యి కింద ఆన్చకుండా, పక్కవాడి భుజం పట్టుకోకుండా, బడిపిల్లల్లా లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్తున్నారు. వెనకటి రోజుల్లో మోకాళ్లు పట్టేసి జనం బల్లల మీదికి ఎక్కారనీ, ఆ తర్వాత పళ్లెం చేత్తో పట్టుకుని నిలబడి తినే దిక్కుమాలిన పద్ధతి కూడా నడిచిందనీ చెబితే ఇప్పటివాళ్లు నవ్వుతారు. జఠరరక్షి వచ్చాక బంతులు మళ్లీ నేలకు దిగాయి.

జఠరరక్షి అనే పేరు కాగితాల్లోనే. జనం దాన్ని కావలి అంటారు. ఆవగింజంత ఉంటుంది. ఏడాదికోసారి మింగితే వెళ్లి కడుపు గోడకు అంటుకుని కూర్చుంటుంది. అంతకుముందు మోకాళ్లకోసం నొప్పి మాత్రలు రోజూ వేసుకున్నవాళ్లలో చాలామందికి కడుపులో పుండ్లు పడేవి. మాత్ర చేసే పని ఒకటే, దెబ్బతిన్న చోట మంట రాజేసే మాంసకృత్తిని ఆపెయ్యడం. చిక్కేమిటంటే ఆ మాంసకృత్తికి కడుపులో ఒక తోబుట్టువు ఉంది. అది మంట రాజెయ్యదు, కడుపు గోడకు జిగురుపూత వేయిస్తుంది. మాత్రకు ఈ రెండింటికీ తేడా తెలియదు. రెండింటి నోరూ కలిపి నొక్కేస్తుంది. పూత పోయిన గోడను కడుపులోని ఆమ్లమే తినేస్తుంది.

కావలి ఆ బెడదను తీర్చింది. జీర్ణరసాలు ఊరడం మొదలవగానే అన్నం వస్తోందని గ్రహించి, త్రిదళమనే మాంసకృత్తిని గోడమీద చల్లుతుంది. మూడు ఆకులు మడిచిపెట్టినట్టుండే ఆ మాంసకృత్తి గాయాన్ని కప్పి, కొత్త కణాలను అంచులనుంచి లోపలికి పాకిస్తుంది. చల్లగానే ఆ కబురు అందుకుని మణికట్టుకున్న చేతిపట్టీ కూస్తుంది. తినడం, మాత్ర వేసుకోవడం, లేచి పనికి పోవడం. దేశమంతా ఇప్పుడు అలాగే బతుకుతోంది. డెబ్బై రెండేళ్ల వంటవాడు తెల్లవారుజామునుంచి గాడిపొయ్యి దగ్గర నిలబడగలుగుతున్నాడంటే దాని చలవే.

ఆ వంటవాడి పేరు కామేశం. ఆయన కోడలు హైమ పెళ్లిపందిట్లో కూర్చోకుండా వంటశాల గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. పెళ్లివారికి ఆమె ఎవరో తెలియదు. ఆమెకు పెళ్లివారితో పనిలేదు. మామగారు కుడిచేతిలో గరిటె పట్టుకుని, ఎడమచేతిని పక్కటెముకల కింద అదుముకుని ఉండటం చూసి ఆమెకు ఒళ్లు మండుతోంది.

"మామయ్య గారూ, కాసేపు కూర్చోండి."

"కూర్చుంటే పనసపొట్టు ఎవరు చూస్తారమ్మా? నువ్వు చూస్తావా?" అన్నాడాయన వెనక్కి తిరగకుండా.

రెండో పొయ్యి మీద సత్తిరాజు మజ్జిగపులుసులో పోపు వేశాడు. సత్తిరాజు కామేశానికి కుడిభుజం, ఇరవై ఏళ్లుగా ఆయన వెనకే తిరుగుతున్నవాడు. ఇంగువ, ఎండుమిరప కలిసిన ఘాటు గుప్పుమని లేవగానే కామేశం చేతిపట్టీ కూసింది. "ఇప్పుడు మాత్ర వేసుకోవచ్చు."

కామేశం భుజంమీది తువ్వాలు తీసి మణికట్టుకు చుట్టేశాడు. "పొద్దుటినుంచీ ఇదే గోల దీనితో! వేసుకో, వేసుకో అని. అన్నం తినకుండా ఎలా వేసుకుంటారు, బుద్ధిలేదూ?"

సత్తిరాజు నవ్వాడు. "పోపు ఏసినప్పుడల్లా అరుత్తాదండి. మీకన్నా దానికే ఆకలెక్కువండి, ఆయ్!"

హైమ కూడా నవ్వింది. అప్పుడు నవ్వినందుకు తర్వాత తనను తాను చాలాసార్లు తిట్టుకుంది.

చివరి బంతి లేచేసరికి మధ్యాహ్నం బాగా వాలిపోయింది. గోదావరి జిల్లాల్లో పెళ్లి వంటవాళ్లకు ఒక కట్టడి ఉంది. దేవుడికి చూపించకముందు వంట రుచి చూడరు. చివరి బంతి లేవకముందు తాము తినరు. కామేశం అందులో ఇంకా నిష్ఠాపరుడు, అంతవరకూ మంచినీళ్లు కూడా ముట్టడు. అందరూ లేచాక సత్తిరాజు ఆకు వేశాడు. ఆయన నాలుగు ముద్దలు తిని, మాత్ర వేసుకుని, చెయ్యి కడుక్కోవడానికని పెరటివైపు వెళ్లాడు. ఎంతకీ రాకపోతే హైమ వెనకాలే వెళ్లింది.

ఆయన గోడ పట్టుకుని వాంతి చేసుకుంటున్నాడు. కింద పడింది నల్లగా, కాఫీ డికాక్షన్ మడ్డిలా ఉంది. అది ఏమిటో హైమకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కడుపులో కారిన నెత్తురు ఆమ్లంలో నానితే ఆ రంగుకు వస్తుంది. ఆమె ఉద్యోగమే అది.

తువ్వాలు విప్పి చేతిపట్టీ చూసింది. పచ్చగా వెలుగుతోంది. "గాయం మానుతోంది" అని రాసి ఉంది.

*

హైమ రాజమండ్రిలోని జఠర పరిశీలన కేంద్రంలో కణజాల పాఠకురాలు. గోదావరి రెండు గట్లమీదా ఉన్న జనం కడుపుల్లోని ప్రతి కావలీ పంపే సమాచారం అక్కడికి వస్తుంది. ఎవరి కడుపు గోడలో ఏ మాంసకృత్తి ఎంత ఉందో చదవడం, ఎర్రరంగు వచ్చినవాళ్లను ఆసుపత్రికి పిలిపించడం ఆమె పని. ఎర్రరంగు ఏడాదికి ఏ ఇద్దరికో ముగ్గురికో వస్తుంది. మిగతావాళ్లంతా పచ్చగా ఉంటారు. పచ్చగా ఉన్నవాళ్లను చదవాల్సిన పని లేదు, ఎవరూ చదవరు కూడా.

ఆ మర్నాడు ఆమె తన పైఅధికారి డాక్టర్ వరూధిని ఎదుట నిలబడింది.

"మా మామగారికి నెత్తురు వాంతి అయిందండీ. లోపల గొట్టం వేసి చూడాలి, అనుమతి ఇవ్వండి."

వరూధిని తన ముందున్న పలక మీద కామేశం వివరాలు తెరిచి చూసింది. "పచ్చగా ఉన్నారుగా హైమా. త్రిదళం పుష్కలంగా ఉంది. ఇంత బాగా మానే కడుపు నేను ఈ నెలలో చూళ్లేదు."

"నేను నా కళ్లతో చూశానండీ."

"పెళ్లివంటలు. బెల్లంపాకమో, కాఫీయో అయ్యుంటుంది."

"ఆయన అప్పటిదాకా నీళ్లు కూడా ముట్టలేదు. కాఫీ ఎక్కణ్ణించి వస్తుంది?"

వరూధిని చెడ్డమనిషి కాదు. కోపం తెచ్చుకోలేదు, కసురుకోలేదు. అదే హైమకు మరింత చిర్రెత్తించింది. "కోట్లమందిలో పనిచేస్తున్న యంత్రాన్ని ఒక్కరి వాంతి చూసి అనుమానిస్తామా చెప్పు? పచ్చరంగు ఉన్న కడుపులో గొట్టం వేసే వీలు నియమాల్లోనే లేదు. ఎర్రరంగు రానీ, అదే గంటలో వేయిస్తాను."

ఎర్రరంగు రాదు. వచ్చేసరికి మనిషి ఉండడు. ఈ మాట పైకి అనలేక హైమ బయటికి వచ్చి, మెట్లమీద నిలబడి, ఎవరూ లేరని చూసుకుని గోడను కాలితో తన్నింది. కాలు నొప్పిపుట్టింది. గోడకు ఏమీ కాలేదు.

ఇంటిదగ్గర ఇంకో గోడ ఉంది.

"మాత్రలు మానెయ్యండి మామయ్య గారూ."

"మానేస్తే నిలబడలేను. నిలబడకపోతే వండలేను."

"అయితే వండటమే మానెయ్యండి. మిమ్మల్ని పోషించలేకా మేము? శేషు కూడా నాతో ఎన్నోసార్లు అన్నాడు." శేషు ఆమె భర్త. సముద్రంలో గాలిమరల మీద ఉద్యోగం, పక్షానికోసారి ఇంటికి వస్తాడు. వచ్చిన రెండురోజులూ తండ్రితో గొడవపెట్టుకోవడం ఇష్టంలేక నోరెత్తడు.

"పోషణకోసం వండుతున్నాననుకుంటున్నావా?" కామేశం నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఇళ్లల్లో వంట ఎవరు చేస్తున్నారమ్మా ఇప్పుడు? ఆ వంటపెట్టెలు చేస్తున్నాయి. చెయ్యి తగిలిన తిండి జనం తినేది ఒక్క పెళ్లిళ్లల్లోనే. అది కూడా నేను మానేస్తే ఏం చెయ్యమంటావు, అరుగుమీద కూర్చుని ఈ పట్టీ అరుపులు వింటూ కూర్చోమంటావా?"

"పోనీ ముందు తినండి. తెల్లవారకముందే ఇంత అన్నం తిని, మాత్ర వేసుకుని, ఆ తర్వాత పొయ్యి దగ్గరికి వెళ్లండి. దేవుడేమీ అనుకోడు."

"దేవుడి సంగతి కాదమ్మా," అన్నాడాయన. "నేను రుచి చూడకుండా ఉప్పు ఎలా వేస్తున్నాననుకున్నావు?"

హైమ ఎప్పుడూ ఆ ఆలోచనే చెయ్యలేదు. "అలవాటై ఉంటుంది. చేతి లెక్క."

"ఏ గంగాళంలో నీళ్లు ఎంత మరుగుతాయో, ఏ ఊరి చింతపండు ఎంత పులుపో చేతికేం తెలుసు? ఖాళీ కడుపుతో ఆవిరి పీలుస్తాను. ఉప్పు చాలకపోతే ఆ వాసన ముక్కుదగ్గరే ఆగిపోతుంది. సరిపోయిందంటే నోట్లో నీళ్లు ఊరి, కడుపులోంచి ఎవరో చెయ్యిపెట్టి లాగినట్టుంటుంది. అప్పుడు దింపెయ్యమంటాను. తిన్నవాడికి అది తెలియదు. మా నాన్న నాకు నేర్పింది ఈ ఒక్కటే."

హైమకు ఏడుపొచ్చింది, ఏడుపుకంటే ముందు కోపం వచ్చింది. నెత్తురు కక్కుకుంటున్న మనిషి ఉప్పు గురించి చెబుతున్నాడు. పచ్చరంగు చూసి పైఅధికారిణి యంత్రం గురించి చెబుతోంది. ఇద్దరికీ తమ తమ పద్ధతులు బాగానే ఉన్నాయి. మధ్యలో కడుపు ఒక్కటే చిల్లుపడుతోంది.

*

పచ్చగా ఉన్నవాళ్లను చదవకూడదని నియమం లేదు, చదవాల్సిన పని లేదంతే. హైమ చదవడం మొదలుపెట్టింది. తన పని ముగించుకున్నాక అక్కడే కూర్చుని కామేశం కడుపును రోజువారీగా తిరగేసింది.

త్రిదళం నిజంగానే పుష్కలంగా ఉంది. అయితే గాయం మానడానికి త్రిదళం ఒక్కటే చాలదు. అది పైకప్పు. కింద పునాది కూడా లేవాలి. దానికి నాళాంకురి అనే మరో మాంసకృత్తి ఉంది. గాయం అడుగున సన్నటి నెత్తురు గొట్టాలను మొలిపించేది అదే. మానుతున్న పుండులో రెండూ జతగా పెరుగుతాయి. కామేశం కడుపులో త్రిదళం ఇంటి కప్పంత ఎత్తున ఉంది, నాళాంకురి అసలు లేదు. పునాది లేకుండా కప్పు గాలిలో ఎలా నిలబడిందో ఆమెకు అర్థం కాలేదు.

పైగా ఆయన పెళ్లిళ్లున్న రోజుల్లో నాలుగైదు పూటలు తింటున్నట్టు కావలి నమోదు చేసింది. తెల్లవారుజామున ఒకటి, సూర్యుడు వచ్చాక ఒకటి, తొమ్మిది దాటాక ఒకటి, పదకొండు ప్రాంతంలో మరొకటి. ఆ వేళల్లో ఆ మనిషి గుక్కెడు నీళ్లు కూడా తాగడని ఆమెకు తెలుసు.

అప్పుడు సత్తిరాజు వేసిన పోపు గుర్తొచ్చింది. పోపు, ఆ వెంటనే చేతిపట్టీ కూత.

హైమ కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. వాసనకే కడుపులో రసాలు ఊరతాయి. ఊరగానే కావలి అన్నం వచ్చేస్తోందనుకుని తన దగ్గరున్న త్రిదళం చల్లేస్తోంది. మళ్లీ పోపు, మళ్లీ చల్లడం. చల్లేముందు ప్రతిసారీ కడుపు గోడను చదువుతుంది. చదివితే కనబడేది అంతకుముందు తాను చల్లినదే! తిండి పడితే అది ఎప్పుడో కొట్టుకుపోయేది, పడలేదు కాబట్టి అలాగే ఉంటుంది. తన సున్నం తానే చూసి, గోడ ఎంత తెల్లగా ఉందో అని మురిసిపోతోంది. మిట్టమధ్యాహ్నానికల్లా ఆ రోజుకున్న నిల్వ ఖాళీ. మూడింటికి ముసలాయన నిజంగా తిని మాత్ర వేసుకునేసరికి చల్లడానికి చుక్క లేదు, మాత్ర నేరుగా పచ్చిపుండు మీద పడుతోంది.

యంత్రం చేసినవాళ్లు తెలివితక్కువవాళ్లేమీ కారు. వాళ్ల ఇళ్లల్లో వంటపెట్టెలున్నాయి. మూత తెరిచేదాకా వాసన బయటికి రాదు, తెరిచాక కంచంలో పెట్టుకోవడమే. వాసన పీల్చిన మనిషి వెంటనే తింటాడని వాళ్లు అనుకోవడంలో వింతేముంది? వాసనకూ తిండికీ మధ్య పూటంతా నిలబడి ఉండే మనిషి ఒకడు ఈ దేశంలో మిగిలి ఉంటాడని వాళ్లెవరికీ తట్టలేదు.

వరూధిని ఈసారి మధ్యలో ఆపకుండా మొత్తం విన్నది. పలకమీద అడుగునే పాకుతున్న నాళాంకురి గీత చూసింది. చూసి, కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది.

"నువ్వు చెప్పింది నిజం," అంది.

అన్నాళ్ల తర్వాత ఆ ఒక్కమాట వినగానే హైమ కుర్చీ లాక్కుంది. కూర్చుంది.

"గొట్టం వేయిస్తాను. ఇవాళే. కానీ తర్వాత సంగతేమిటి? కావలి పద్ధతి మార్చాలంటే మార్పు కోట్లమందికి వెళ్తుంది. పరీక్షలు, ఒప్పుదలలు... మూడేళ్లు పడుతుంది హైమా. అప్పటిదాకా మీ మామగారు ఆగుతారా?"

"మూడు నెలలు కూడా ఆగరు."

"ఇంకో దారి ఉంది." వరూధిని పలకమీద ఒక అమరిక తెరిచింది. "వాసనకట్టు. తిండి ధ్యాస ఆపుకోలేనివాళ్లకోసం పెట్టారు. ముక్కునుంచి కడుపుకు పోయే నాడి మాటను కావలి మధ్యలో ఆపేస్తుంది. వాసన తెలుస్తుంది, రసాలు మాత్రం ఊరవు. అన్నం నిజంగా లోపల పడ్డాకే కడుపు పని మొదలుపెడుతుంది. త్రిదళం సరైన వేళకు చల్లుతుంది. మందు లేదు, కోత లేదు. ఆయన ఊ అంటే ఇక్కణ్ణించే పెట్టెయ్యొచ్చు."

హైమ ఎగిరి గంతేసినంత పనిచేసింది. ఆయన ఎలా వండుతానన్నాడో ఆ క్షణంలో ఆమెకు గుర్తుకు రాలేదు. ఆ మాట ఆయన చెప్పింది తగాదాలో. తగాదాలో విన్నమాటలు మనసు వేరేచోట దాచుకుంటుంది.

ఆ సాయంత్రం ఆసుపత్రి మంచంమీద కామేశం అంతా విన్నాడు. గొట్టం వేసి చూస్తే పుండు రూపాయిబిళ్లంత ఉంది, అడుగు నల్లబడి ఉంది. ఇంకో నాలుగు పెళ్లిళ్లయితే చిల్లుపడేదని డాక్టరు చెప్పాడు.

"వండటం మానక్కర్లేదుగా?" అన్నాడు కామేశం.

"మానక్కర్లేదు. మాత్రలు మానక్కర్లేదు. చివరి బంతి తర్వాతే తినొచ్చు. మీ పద్ధతి ఏదీ మార్చుకోనక్కర్లేదు మామయ్య గారూ."

"అయితే ఇంకేం కావాలి! నువ్వు చెప్పాక నేను కాదంటానా?" అన్నాడాయన. కోడలి చెయ్యి పట్టుకుని, "నాకోసం అందరితో పోట్లాడావుట. మీ డాక్టరమ్మ చెప్పింది," అన్నాడు.

*

నెలరోజుల్లో పుండు అంచులు దగ్గరపడ్డాయి. హైమ రోజూ పొద్దున్నే కేంద్రానికి వెళ్లగానే ముందు మామగారి కడుపు చదివేది. నాళాంకురి లేచింది. సన్నటి గొట్టాలు మొలిచాయి. త్రిదళం తగుమాత్రంగా, ఉండాల్సిన వేళకు ఉంటోంది. కప్పూ పునాదీ కలిసి లేచే ఆ రెండు గీతలను చూస్తుంటే ఆమెకు ఎంత సంతోషమో! పచ్చరంగు మొదటిసారి నిజం చెబుతోంది. శేషు వచ్చినప్పుడు ఆ గీతలు చూపించింది. అతనికి ఏమీ అర్థం కాకపోయినా భార్య మొహం చూసి నవ్వాడు.

"ఈమధ్య ఆకలనేదే వెయ్యట్లేదమ్మా," అన్నాడొకసారి కామేశం, పెరట్లో కరివేపాకు దూస్తూ.

"మంచిదేగా. ఆమ్లం తగ్గింది," అంది హైమ.

ఆయన దూసిన కరివేపాకును ముక్కుదగ్గర పెట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత ఇంట్లోకి వెళ్లాడు.

జబ్బుపడి లేచాక ఆయన ఒప్పుకున్న మొదటి పెళ్లి రామచంద్రపురంలో. హైమ సెలవు పెట్టి మరీ వెళ్లింది. ఈసారి గుమ్మం దగ్గర కాపలా కాయడానికి కాదు, చూసి సంతోషించడానికి. పొయ్యిలు అంటుకున్నాయి. సత్తిరాజు పోపు వేశాడు. ఇంగువ ఘాటు గుప్పుమంది. చేతిపట్టీ కూయలేదు. హైమ సత్తిరాజు వంక చూసి గర్వంగా నవ్వింది. సత్తిరాజు నవ్వలేదు. అతను కామేశం వంక చూస్తున్నాడు.

కామేశం దప్పళం గంగాళం మీదికి వంగి ఉన్నాడు. ఆవిరి ఆయన మొహాన్ని కమ్మేస్తోంది. మామూలుగా రెండుసార్లు పీల్చి ఉప్పు ఎంతో చేత్తో చూపించే మనిషి పదేపదే పీలుస్తున్నాడు. పీల్చి ఆగుతున్నాడు. ఎవరో పిలిచినట్టు అనిపించి, ఆ పిలుపు మళ్లీ వినబడుతుందేమోనని చెవులు రిక్కించినవాడిలా ఉన్నాడు. చివరికి పిడికెడు ఉప్పు వేశాడు. మళ్లీ వంగాడు. ఇంకో పిడికెడు వేశాడు.

"అయ్యగారూ, ఇందాకా ఏశారండి," అన్నాడు సత్తిరాజు మెల్లిగా.

"వేశానా?"

"ఏశారండి. రెండుసార్లండి."

కామేశం నిటారుగా నిలబడ్డాడు. కడుపుమీద చెయ్యి పెట్టుకోలేదు, మోకాళ్లు వణకలేదు. ఒంట్లో ఎక్కడా ఏ బాధా లేని మనిషి ఎలా నిలబడతాడో అలా నిలబడ్డాడు. గుమ్మంవైపు చూసి, "అమ్మా హైమా, ఇలా రా," అని పిలిచాడు.

ఆమె దగ్గరికి వెళ్లింది. ఆయన గరిటెతో కాస్త దప్పళం తీసి, ఊది, ఆమె అరచేతికేసి చాచాడు. "ఉప్పు సరిపోయిందేమో చూడు."

వంటశాలలో చప్పుడు ఆగిపోయింది. కొబ్బరి కోరుతున్నవాడు కోరడం ఆపాడు. దేవుడికి ఇంకా చూపించలేదు. కామేశం గాడిపొయ్యి దగ్గర దేవుడికి చూపించకముందు గరిటె ఒకరి చేతిమీదికి వంగడం వాళ్లలో ఎవరూ చూడలేదు.

"మామయ్య గారూ, నేనా..."

"వాసన తెలుస్తోందమ్మా. ఇంగువ తెలుస్తోంది, బెల్లం తెలుస్తోంది, గుమ్మడికాయ ముక్క ఉడికినట్టు తెలుస్తోంది. అన్నీ విడివిడిగా తెలుస్తున్నాయి." ఆయన తన కడుపువైపు చూపించాడు. "ఇక్కడ మాత్రం ఏమీ లేదు. నెలరోజులుగా లేదు. పొయ్యి దగ్గర నిలబడితే వస్తుందేమో అనుకున్నాను."

అప్పుడు హైమకు గుర్తొచ్చింది. తగాదాలో విన్నమాట, కడుపులోంచి ఎవరో చెయ్యిపెట్టి లాగినట్టు అన్నమాట, అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది. నాడి మాటను మధ్యలో ఆపేస్తుందని వరూధిని చెప్పినప్పుడు తాను ఎగిరి గంతేసినంత పని చేయడం కూడా గుర్తొచ్చింది. కట్టు విప్పించడం ఎంతసేపు? కేంద్రానికి ఒక్కమాట చెబితే చాలు. విప్పితే మళ్లీ పోపులు, మళ్లీ ఖాళీ నిల్వ, మళ్లీ ఆ నల్లటి వాంతి. ఎవరిమీద కోప్పడాలో ఆమెకు తోచలేదు. ఇన్నాళ్లూ కోప్పడటానికి ఎవరో ఒకరు ఉండేవారు.

అరచేతిలోది నాలుకమీద వేసుకుంది. దప్పళం ఉప్పుకషాయంలా ఉంది.

బాగుందని చెబుదామనుకుంది. ఆయన పరీక్ష ఫలితంకోసం చూసే పిల్లవాడిలా ఆమె మొహంలోకి చూస్తున్నాడు. ఆ చూపుకు అబద్ధం చెప్పలేకపోయింది.

"ఎక్కువైంది మామయ్య గారూ."

"బాగా ఎక్కువైందా?"

"బాగా ఎక్కువైంది."

ఆయన తల ఊపాడు. గరిటె సత్తిరాజు చేతికిచ్చాడు. "నీళ్లు పోసి, ఇంకో రెండు గుమ్మడికాయలు తరిగి వెయ్యి. చింతపండు నువ్వే చూసుకో. పనసపొట్టులో ఆవ కూడా నువ్వే పెట్టు. నీ కడుపు ఖాళీగానే ఉందా?"

"ఖాళీయేనండి," అన్నాడు సత్తిరాజు.

"అయితే నీకే తెలుస్తుంది," అని కామేశం నడుముకు చుట్టుకున్న తువ్వాలు విప్పి, మడతపెట్టి, గుమ్మం పక్కన పెట్టాడు.

నైవేద్యం అయింది. మొదటి బంతికి ఆకులు వేశారు. పెద్దవాళ్లు వరుసలో కూర్చుంటుంటే కామేశం కూడా వెళ్లి ఆ వరుస చివర కూర్చున్నాడు. మోకాళ్లు ఏ అడ్డూ చెప్పకుండా మడతపడ్డాయి. యాభై ఏళ్లుగా ఈ జిల్లాలో చివరి బంతి లేచాక తిన్న మనిషి మొదటి బంతిలో కూర్చుంటే పెళ్లివారు మర్యాద దక్కిందనుకుని సంబరపడ్డారు. హైమ ఒక పళ్లెంలో పులిహోర పట్టుకుని వచ్చి ఆయన ముందు నిలబడింది. వడ్డించడానికి ఆమెకు చెయ్యి రాలేదు.

"వెయ్యమ్మా," అన్నాడాయన.

వేసింది. ఆయన అన్నీ తిన్నాడు. ఏదీ వదల్లేదు, ఏదీ మళ్లీ అడగలేదు. ఒకదాని తర్వాత ఒకటి, మాత్రలు మింగినంత శ్రద్ధగా తిన్నాడు. మొదటి ముద్ద లోపల పడగానే చేతిపట్టీ కూసింది, సరిగ్గా కూయాల్సిన వేళకు. "ఇప్పుడు మాత్ర వేసుకోవచ్చు." భోజనం కాగానే మాత్ర వేసుకుని నీళ్లు తాగాడు. పట్టీమీద అక్షరాలు మారాయి. "గాయం పూర్తిగా మానింది."

హైమ ఇంకా అక్కడే నిలబడి ఉంది. కళ్లనీళ్లు పళ్లెంలో పడకుండా పక్కకు తిరిగింది. కామేశం తలెత్తి ఆమెను చూశాడు. ఓదార్చడానికి తన దగ్గర ఉన్న మాట ఒక్కటే.

"ఎందుకమ్మా ఏడుస్తావు? నాకు కడుపులో ఏమీ లేదు."